పిచ్చుక రాసిన తిండి పుస్తకం

నాలుగో రోజు కూడా మేస్త్రీ తన కంచం పట్టుకుని బయట మెట్ల మీదికి వెళ్ళిపోయాడు.

"లోపల బల్లకి కాళ్ళు విరిగాయా?" అంది తల్లి.

"విరగలేదు."

"మరి?"

"తిననియ్యమ్మా."

"తిను. ఎవరొద్దన్నారు? మనుషుల మధ్య కూర్చుని తినమంటున్నాను. వీధిలో పోయేవాళ్ళందరికీ నీ కంచం చూపించాలా?"

మేస్త్రీ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పక్కనే మూతపెట్టిన బకెట్, అందులో అతని పని బట్టలు. నాలుగు రోజులుగా తన బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు. ఉతకడమంటే అతని దృష్టిలో బట్టని ఓడించడం. మూడు చొక్కాలకి కలిపి ఐదు గుండీలు పోయాయి. ఏడేళ్ళుగా ఆ చొక్కాలని మంచిమాటలతో లొంగదీసుకున్న చేతులు మాత్రం లోపల బల్ల దగ్గర ఊరికే ఉన్నాయి.

ఆ చేతులు పిచ్చుకవి.

పిచ్చుక అసలు పేరు కాపురానికి వచ్చిన రోజే పోయింది. కొత్తకోడలు బెరుకు కొద్దీ నాలుగు ముద్దలు తిని లేచింది. "పిచ్చుకలా తింటుంది పాపం" అని మురిసిపోయింది అత్తగారు. ఆ మాట చుట్టాలకి చేరింది, వీధికి చేరింది, చివరికి పాలు పోసే మనిషి కూడా "పిచ్చుకమ్మగారూ" అనడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి ఆ పేరు నిలబెట్టుకోవడం ఆమెకొక ఉద్యోగమైంది. జీతం లేదు గానీ పొగడ్త ఉంది. ఆకలి మాత్రం ఆ పొగడ్తని ఏనాడూ పట్టించుకోలేదు.

"నాన్నకి జలుబా?" అడిగింది ఆరేళ్ళ పాప.

"జలుబైతే బాగుండేది," అంది నాయనమ్మ. "జలుబుకి కషాయం ఉంది. పంతానికి ఏముంది?"

"పంతం కాదమ్మా," అన్నాడు మేస్త్రీ మెట్ల మీంచి. "ఆ కాగితం నువ్వూ విన్నావుగా."

ఆ కాగితం వచ్చింది కిందటి వారం. వచ్చినప్పట్నుంచి ఇంట్లో అందరికీ అది కంఠతా వచ్చేసింది.

ఇళ్ళ పైకప్పుల మీద నీళ్ళు దిగకుండా పరిచే తారు అట్టలు చేసే ఫ్యాక్టరీలో మేస్త్రీ పెద్ద తొట్టి దగ్గర పనిచేస్తాడు. తొట్టిలో తారు ఎప్పుడూ మరుగుతూ ఉంటుంది. పైన పొగగొట్టం ఉండాల్సిన చోట ఒక కన్నం ఉంది. అతనికి ముందు ఆ తొట్టి చూసిన ఇద్దరు మనుషులు క్యాన్సర్‌తో పోయారు. అందుకే ముప్పై మంది కార్మికులు అర్జీ పెట్టారు. తొట్టి మీద పొగ లాగే గొట్టం కావాలి, పని బట్టలు అక్కడే ఉతికే గది కావాలి. ఆరోగ్య శాఖ వాళ్ళు వచ్చి ముప్పై మందికీ, వాళ్ళ భార్యలకీ మూత్ర పరీక్షలు చేశారు. పొగలో ఉండే క్యాన్సర్ పదార్థాలు ఒంట్లోకి వెళితే మూత్రంలో ఒక గుర్తు కనిపిస్తుందట.

ఇంటిపట్టున ఉండే మనిషికి ఆ గుర్తు ఒకటి దాటకూడదట. మేస్త్రీకి నాలుగు వచ్చింది.

పిచ్చుకకి తొమ్మిది.

"నేను తొట్టి దగ్గర పన్నెండేళ్ళుగా నిలబడితే నాలుగు," అన్నాడు మేస్త్రీ, కంచంలోకి చూస్తూ. "ఆ గేటు ఎలా ఉంటుందో కూడా తెలియని మనిషికి తొమ్మిది. ఎలా వచ్చింది? నా బట్టలు ఉతికి ఉతికి. నేనే మోసుకొచ్చి తన చేతికిచ్చాను."

"నువ్వేమన్నా కావాలని తెచ్చావా?"

"తెచ్చానా లేదా?"

తల్లి కోడలి వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పవే అమ్మాయ్, లోపలికి రమ్మని."

పిచ్చుక నోరు తెరిచింది. నోట్లో ముద్ద ఉంది. మింగేసరికి చెప్పాల్సిన మాట కూడా దాంతోపాటే లోపలికి వెళ్ళిపోయింది.

"చూశావా," అంది అత్తగారు. "దిగులుతో ఆ నాలుగు మెతుకులు కూడా దిగడం లేదు దానికి."

* * *

సర్వే నర్సు మూడింటికి వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద సంచి, నెమ్మదైన గొంతు. పాదరక్షలు విప్పుతూనే మేస్త్రీ బకెట్‌ని చూసింది, మేస్త్రీని చూసింది.

"రేపు పదింటికి విచారణ కదండీ," అంది. "ఫ్యాక్టరీ తరఫున వాళ్ళ డాక్టరు వస్తున్నాడు. దానికి ముందు ఒకసారి తిండి పుస్తకం చూసుకుందామని."

తిండి పుస్తకమంటే పరీక్షకి ముందు నాలుగు రోజులు ఎవరేం తిన్నారో రాసిన చిన్న నోటు పుస్తకం. పిచ్చుకది గుండ్రటి చేతిరాత. కాలేజీలో ఆ రాతకి బహుమతి కూడా వచ్చింది. నర్సు పుస్తకం తెరవగానే అత్తగారు పక్కకి కుర్చీ లాక్కుంది, మనవరాలి మార్కులు వినడానికి కూర్చున్నట్టు.

"మొదటి రోజు," అని చదివింది నర్సు. "పొద్దున ఒక రొట్టె ముక్క, సగం గ్లాసు పాలు. మధ్యాహ్నం ఉడికించిన క్యాబేజీ, కొద్దిగా అన్నం. రాత్రి పండు."

"అంతే తింటుంది," అంది అత్తగారు. "పండు కూడా మొత్తం తినదు. తొక్క తీసి ముక్కలన్నీ మాకు పెట్టి, మధ్యలో మిగిలింది తింటుంది."

"రెండో రోజు ఉడికించిన క్యాబేజీ. మూడో రోజూ క్యాబేజీ." నర్సు పేజీ తిప్పింది. "నాలుగో రోజు కూడా."

"క్యాబేజీ మంచిదని మీరిచ్చిన కాగితంలో ఉందండీ," అంది పిచ్చుక. తన గొంతు తనకే ఎక్కడో పక్కింట్లోంచి వినిపించింది.

"ఉందమ్మా. మంచిదే." నర్సు కలం మూత పెట్టి తీసింది. "ఆ వారం లారీల సమ్మె. ఊళ్ళో క్యాబేజీ రాలేదు. మా ఇంట్లో కూడా అడిగారు. నాకు గుర్తుంది."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేయడానికి పన్నెండుసార్లు తన్నారు.

"బీరకాయేమో," అంది అత్తగారు. "క్యాబేజీ అని రాసేసి ఉంటుంది. ఏదైతేనేం, ఉడకబెట్టిందేగా."

"బీరకాయే," అంది పిచ్చుక.

ఇలా అబద్ధానికి అత్తగారు అందించిన చెయ్యి పట్టుకుని గట్టెక్కాల్సిన రోజు వస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. చెవులు వేడెక్కాయి. ఆ వేడి మెడ మీదుగా కిందికి దిగడం కూడా తెలుస్తోంది.

నర్సు బీరకాయ అని రాసుకుంది. "ఇంకొక్కటే. బొగ్గుల మీద కాల్చినవి, మాడినవి, పొగపట్టినవి ఏమన్నా తిన్నారా? ఇంట్లో గానీ బయట గానీ?"

"బయటా?" అత్తగారు నవ్వింది. "బయట మంచినీళ్ళు కూడా తాగదమ్మా మా పిచ్చుక."

"ఆవిణ్ణి చెప్పనివ్వండి."

"లేదండీ," అంది పిచ్చుక.

అప్పుడు ఆమె కళ్ళముందు కనిపించింది నర్సు కాదు. బడి వెనక సందులో నిప్పులక్క బండి. మూడేళ్ళ కిందట పాపని మొదటిసారి పిల్లల బడిలో దించి వస్తుంటే ఆ వాసన దారికి అడ్డం నిలబడింది. బొగ్గుల మీద మాంసం ముక్కలు, కొవ్వు చుక్క నిప్పులో పడ్డప్పుడల్లా లేచే పొగ. ఒక్కరోజే అనుకుంది. రెండోరోజు కూడా అలాగే అనుకుంది. ఆ తర్వాత అనుకోవడం మానేసింది. గోడవైపు తిరిగి నిలబడి తింటుంది. "ఇంకాస్త మాడనివ్వక్కా" అని అడిగి మరీ తింటుంది. అంచులు నల్లగా కరకరలాడకపోతే ఆమెకి తిన్నట్టుండదు. పరీక్షకి ముందు రోజైతే, ఉడికించినవాటి గురించి రాసి రాసి నీరసం వచ్చి, రెండింతలు తింది.

"మీకు విషయం అర్థం కావాలని అడుగుతున్నాను," అంది నర్సు. "తారు మరిగినా, మాంసం మాడినా పుట్టేది ఒకే జాతి మసి. ఊపిరితో పోయినా, చర్మంలోంచి పోయినా, నోట్లోంచి పోయినా మూత్రంలో ఒకే గుర్తుగా బయటికొస్తుంది. దాని మీద ఫ్యాక్టరీ నుంచి వచ్చానని రాసి ఉండదు. వంటింటి నుంచి వచ్చానని కూడా రాసి ఉండదు. ఆ సంగతి చెప్పాల్సింది ఈ పుస్తకమే. తిండి వాటా ఎంతో తెలిస్తే, అది తీసేసి, మిగిలింది ఫ్యాక్టరీదని ధైర్యంగా చెప్పగలం."

"తొమ్మిదంటే..." మేస్త్రీ గుమ్మం బయటే నిలబడి అడిగాడు. "తనకి జబ్బు వచ్చినట్టేనా?"

"కాదండీ. ఒంట్లోకి ఏం వెళ్ళిందో చెప్పే జాడ మాత్రమే అది. రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది కూడా. రోజూ వెళ్తూ ఉంటేనే భయం." సంచిలోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది. "మీరు బట్టలు దూరం పెట్టి నాలుగు రోజులైంది కదా. రేపు పొద్దున మళ్ళీ ఒకసారి ఇవ్వండమ్మా. అంకె దిగిందంటే బట్టలదే తప్పని తేలిపోతుంది."

"మా కాలంలో ఇవన్నీ సీసాల్లో పట్టి ఊరేగించేవాళ్ళం కాదు," అంది అత్తగారు.

పిచ్చుక సీసా వైపు చూసింది.

ఈ నాలుగు రోజులుగా ఆమె నిప్పులక్క బండి దగ్గరికి వెళ్ళలేదు. సిగ్గేసి వెళ్ళలేదు. కాబట్టి రేపు అంకె దిగుతుంది. కచ్చితంగా దిగుతుంది. తన బట్టలే భార్యకి విషం పెట్టాయని మేస్త్రీకి రుజువు దొరుకుతుంది. బుద్ధి తెచ్చుకుని మానేసినందుకు, అబద్ధం ఇంకా నున్నగా తయారవుతుంది.

"చివర్లో సంతకం పెట్టాలి," అంది నర్సు. "ఇందులో రాసిందంతా నిజమని."

పిచ్చుక కలం తీసుకుంది. కలం పేజీ మీద ఆనించింది. చుక్క పడింది. చుక్క పెద్దదైంది.

"ఒకసారి మొత్తం చదువుకుని పెడతానండీ."

నర్సు ఆమెవైపు ఒక్క క్షణం ఎక్కువ చూసింది. "చదువుకోండి. ఈ వీధిలో ఇంకో మూడిళ్ళున్నాయి. ఆరింటికి వస్తాను."

* * *

పెరట్లో కుళాయి దగ్గర మేస్త్రీ చొక్కా పిండుతున్నాడు. పిచ్చుక తిండి పుస్తకం పట్టుకుని వెనక గుమ్మంలో నిలబడింది.

"ఇలా ఇవ్వండి. నేను పిండుతాను."

"దగ్గరికి రాకు."

"ఒక మాట చెప్పాలి."

"అక్కడినుంచే చెప్పు."

మూడేళ్ళ రహస్యాన్ని కుళాయి చప్పుడు మీదుగా విసరడం ఆమెకి చేతకాలేదు. "ఆ కుళాయి కట్టెయ్యండి" అంది. కట్టేశాడు. కట్టేశాక ఇంకా కష్టమైంది.

ఈలోగా అతనే మొదలుపెట్టాడు. "నిన్న గేటు దగ్గర వాళ్ళ డాక్టరు ఏమన్నాడో తెలుసా? మా పొగని అనే ముందు మీ పెళ్ళాలు ఏం వండుతున్నారో చూసుకోండి అన్నాడు. అందరూ నవ్వారు. మనవాళ్ళు కూడా కొందరు నవ్వారు."

"మీరేమన్నారు?"

"ఫ్యాక్టరీలో అందరూ నన్ను ప్లీడరని ఊరికే అంటారా. నా భార్య తిండి గురించి ఊరంతా తెలుసన్నాను. ఆవిడ పుస్తకంలో ఒక్క అబద్ధం చూపిస్తే అర్జీ నా చేత్తోనే చింపేస్తానన్నాను."

"అందరి ముందా?"

"ముప్పై మంది ముందు."

పిచ్చుక పుస్తకాన్ని రెండో చేతిలోకి మార్చుకుంది.

"ఇంకోటి చెప్పనా," అన్నాడు. గొంతు తగ్గింది. "నిన్న పాప వెనకనుంచి వచ్చి వాటేసుకుంది. ఒంటి మీద పని చొక్కా ఉంది. కంగారులో మోచేత్తో నెట్టేశాను. పోయి గోడకి కొట్టుకుంది. ఏడవలేదు. నావైపు అలా చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఏడ్చినా బాగుండేది."

చొక్కాలోంచి నీళ్ళు అతని కాళ్ళ మీద కారుతున్నాయి. అతనికి తెలియడం లేదు.

"అది మీ బట్టల నుంచి వచ్చింది కాదు," అంది పిచ్చుక.

"నువ్వు నన్ను ఓదార్చక్కర్లేదు."

"ఓదార్చడం లేదు. నేను తిన్నాను."

"ఏం తిన్నావు?"

"మాంసం. బొగ్గుల మీద కాల్చింది. బడి వెనక నిప్పులక్క దగ్గర."

మేస్త్రీ చొక్కా పిండడం ఆపాడు. "ఎప్పుడు?"

"పాపని దించాక."

"ఎప్పుడని అడుగుతున్నాను. ఏ రోజు?"

"రోజూ."

"రోజూ అంటే?"

"బడి ఉన్న రోజుల్లో."

"సెలవుల్లో?"

"సెలవుల్లో చాలా ఆకలేసేది," అంది పిచ్చుక, నేలవైపు చూస్తూ.

అతను పక్కనున్న రాయి మీద కూర్చున్నాడు. తడి చొక్కా ఒళ్ళోనే ఉంది. ఏదో అడగబోయి మానేశాడు. మళ్ళీ అడిగాడు. "ఎన్నాళ్ళుగా?"

"మూడేళ్ళు."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే. నిలబడి."

"ఇంట్లో అడిగితే చేసిపెట్టేవాళ్ళం కాదా?"

"అడగడానికి నేను తినను కదండీ. ఏడేళ్ళుగా తినను. అత్తయ్య ఎవరింటికి వెళ్ళినా ముందు అదే చెప్తారు. మీరూ అదే చెప్తారు. మీరంతా అంత సంతోషంగా ఉంటే, మధ్యలో నాకు ఇంకో రొట్టె వెయ్యండని ఎలా అనను?"

తిడతాడని సిద్ధపడి ఉంది. తిట్లకి ఎలా నిలబడాలో, ఎటు చూడాలో కూడా అనుకుని వచ్చింది. కానీ మేస్త్రీ తిట్టలేదు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని ఒక అడుగు ముందుకు వేసింది.

నవ్వుతున్నాడు. కాదు, నవ్వుతూ ఏడుస్తున్నాడు. నాలుగు రోజులుగా ఎత్తిపెట్టుకున్న గుండె ఒక్కసారి కిందికి దిగినట్టు ఊపిరి తీసుకుంటున్నాడు.

"నేను కాదన్నమాట," అన్నాడు. "నేను కాదు."

"కొంచెం మీదీ ఉండొచ్చు. ఎక్కువ నాదే."

"నేను కాదు," అన్నాడు మళ్ళీ.

పిచ్చుకకి ఆ తేలికదనాన్ని చూడటం కష్టమైంది. ఒక్క మాటతో దించగలిగే బరువుని నాలుగు రోజులు అతని నెత్తిన ఉంచి, లోపల బల్ల దగ్గర కూర్చుని ముద్దలు లెక్కపెట్టుకుంటూ తింది. తిట్టి ఉంటే ఇంత సిగ్గేసేది కాదు.

"పుస్తకం దిద్దుతాను," అంది. "ఆరింటికి నర్సు వస్తుంది. జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను."

అతని మొహంలోంచి నవ్వు మెల్లగా జారిపోయింది.

"వద్దు."

"ఏం వద్దు?"

"దిద్దొద్దు. సంతకం పెట్టెయ్యి."

"అబద్ధం కదండీ."

"అబద్ధమే. ఇన్నాళ్ళూ పనికొచ్చింది, ఇంకొక్క రోజు పనికి రాదా?"

అతను అలా మాట్లాడే మనిషి కాదు. బస్సులో టికెట్ ఇవ్వడం మర్చిపోయిన కండక్టరుని పిలిచి మరీ అడిగి తీసుకునే రకం. పిచ్చుక అతని మొహంలోకి చూసింది. అతను చొక్కా గుండీల్లోకి చూస్తున్నాడు. ఉన్న రెండు గుండీల్లోకి.

"అర్జీ చింపేస్తానన్నానని కాదు," అన్నాడు. "ఆ మాట ఒకటే అయితే చింపేసి, తలదించుకుని ఇంటికి వచ్చేవాణ్ణి."

"మరి?"

"నువ్వొక్కదానివే రాశావనుకుంటున్నావా?"

పిచ్చుకకి అర్థం కాలేదు.

"తొట్టి కింద పొయ్యి ఉంటుంది," అన్నాడు మేస్త్రీ. ఒక్కో మాటా కుళాయి చివరి చుక్కల్లా పడుతోంది. "భోజనాల వేళకి మేమంతా రొట్టెలు, మాంసం, చేపలు, ఎవరు తెచ్చుకున్నది వాళ్ళు ఇనపచువ్వకి గుచ్చి ఆ పొయ్యి నోట్లో పెట్టి కాల్చుకుంటాం. నాకంటే ముందునుంచీ ఉంది ఆ పద్ధతి. చల్లటి తిండి తినలేక. తొట్టి పొగలోనే కూర్చుని తింటాం."

"తిండి పుస్తకంలో అది లేదా?"

"లేదు. ఎవరేం తిన్నారో సగం మందికి గుర్తు లేదు. మిగతా సగానికి రాయడం బద్ధకం. పుస్తకాలు తిరిగిచ్చే రోజు మధ్యాహ్నం అందర్నీ కూర్చోబెట్టాను. నేను చెప్పాను, వాళ్ళు రాశారు."

"ఏం చెప్పారు?"

"బంగాళాదుంప. ఉడికించింది." గొంతు సర్దుకున్నాడు. "పొయ్యి సంగతి రాస్తే ఆ డాక్టరు దాన్నే పట్టుకుంటాడని, రాయొద్దన్నాను. ముప్పై పుస్తకాలు. ఒకే దుంప."

పిచ్చుక అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. ఇంట్లో ఒక దొంగ ఉందని నాలుగు రోజులుగా తనని తాను తిట్టుకుంటోంది. ఇద్దరున్నారు. రెండోవాడి మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

"అందుకే సంతకం పెట్టమంటున్నాను," అన్నాడు. "నీ పుస్తకం అబద్ధమని తేలితే, మిగతావి చూపించండంటారు. రేపటి మాట కాదు, మళ్ళీ ఎప్పుడూ మా మాట ఎవరూ వినరు. గొట్టం రాదు. గది రాదు. నాకు ముందు పోయిన ఇద్దరికీ నేను సమాధానం చెప్పుకోవాలి."

"నర్సు చెప్పింది విన్నారుగా. తిండి వాటా తెలిస్తేనే మిగతాది ఫ్యాక్టరీదని చెప్పగలనంది. మీరు దాచింది ఆ తిండి వాటానే. అది దాస్తే ఫ్యాక్టరీ వాటా కూడా తేలదు."

"తెలుసు."

"కాల్చింది మానేసి నాలుగు రోజులు ఆగి మళ్ళీ పరీక్ష చేస్తే? అప్పుడు మిగిలేది తొట్టిదేగా?"

"అది చెయ్యాలంటే ముందు ముప్పై మంది అబద్ధమాడారని చెప్పాలి. చెప్పించింది నేనని చెప్పాలి." అతను మొదటిసారి తలెత్తాడు. "వాళ్ళు నమ్మి రాశారే. ప్లీడరు చెప్పాడు కదా అని. అట్టలు చుట్టే చక్రం దగ్గరుండే ముసలి మేస్త్రీకి చూపు ఆనదు, నేనే చెయ్యి పట్టుకుని రాయించాను. రేపు వాళ్ళ మొహాలు ఎలా చూడను?"

అలాంటి మొహాలు చూడలేకే పిచ్చుక మూడేళ్ళు గోడవైపు తిరిగి తింది.

వెనక చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు.

గడప లోపల అత్తగారు నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. చేతిలో ఆరిన తువ్వాలు, సగం మడత పెట్టింది. మిగతా సగం మడత పెట్టడం మర్చిపోయింది.

"అత్తయ్యా," అంది పిచ్చుక లేస్తూ.

అత్తగారు ఆమెవైపు చూడలేదు. తువ్వాలు వైపు చూస్తూ అంది. "అయితే నేను ఏడేళ్ళుగా వీధి వీధంతా చెప్పుకున్నది..."

వాక్యం పూర్తి చేయలేదు. ఆ ఇంట్లో ఆవిడ సగంలో వదిలేసిన మొదటి వాక్యం అదే.

"కడుపునిండా పెట్టలేదని నేనెప్పుడైనా..." అని ఇంకోటి మొదలుపెట్టింది. అదీ అక్కడే ఆగింది. తువ్వాలు గడప మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో ఒక గిన్నె చప్పుడైనా వినిపిస్తే బాగుండని పిచ్చుక చెవులు రిక్కించింది. ఏమీ వినిపించలేదు.

వినిపించింది వీధి తలుపు.

మేస్త్రీ చొక్కా బకెట్లో పడేసి లేచాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "పుస్తకం నాకివ్వు."

"ఎందుకు?"

"నేను మాట్లాడతాను. నువ్వు పెరట్లోనే ఉండు."

ఆమె పుస్తకం ఇవ్వలేదు. అతను లాక్కోలేదు. ఆమెని దాటుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. నాలుగు రోజుల తర్వాత ఆ ఇంటి లోపల అతను వేసిన మొదటి అడుగులు అవి. పాప బల్ల కిందనుంచి తల బయటపెట్టి చూసి, మళ్ళీ లోపలికి లాక్కుంది.

తలుపు తీసిన చప్పుడు. నర్సు నెమ్మదైన గొంతు.

"సంతకం అయిందాండీ?"

"ఆవిడకి ఒంట్లో బాగోలేదు," అన్నాడు మేస్త్రీ. "పడుకుంది. రేపు విచారణకి నేనే తీసుకొస్తాను, అక్కడ పెడుతుంది."

"అయ్యో. ఏమైంది?"

"తల తిరుగుతోందట. సరిగ్గా తినదుగా."

పిచ్చుక వెనక గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నది. ఏడేళ్ళుగా ఆ మాట ఎన్నిసార్లు విన్నా తలదించుకుని చిరునవ్వు నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు. వంటింటి చీకట్లో అత్తగారి ఆకారం కనిపించింది. నీళ్ళ బిందె పక్కన స్టూలు మీద కూర్చుని, చెవులు ముందుగది వైపే పెట్టి ఉంది. కొడుకు చెప్పింది ఆవిడా విన్నది. ఈసారి అవునని అందుకోలేదు.

పిచ్చుక పుస్తకం గుండెకి ఆనించుకుని నడిచింది. వంటింటిని దాటింది, బల్లని దాటింది. బల్ల కిందనుంచి పాప చెయ్యి చాపి ఆమె కాలు తాకింది.

"నాకేం కాలేదండీ," అంది ముందుగదిలోకి వచ్చి. "లేచే ఉన్నాను."

నర్సు ఆమెని చూసింది. తర్వాత మేస్త్రీని చూసింది. అతని మొహం ఎర్రబడింది. మరుగుతున్న తారు ముందు నిలబడినప్పుడు కూడా అంత ఎర్రబడి ఉండదు.

"లోపలికి రండి," అంది పిచ్చుక. "కూర్చోండి. చెప్పడానికి కొంచెం టైం పడుతుంది."

"మీ పుస్తకం గురించేనా?" అడిగింది నర్సు, గడప అవతలే ఉండి.

"నాది నేను చెప్తాను," అంది పిచ్చుక. భర్తవైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది. "మిగతావాటి గురించి నేను చెప్పకూడదు. అది చెప్పాల్సిన మనిషి వేరే ఉన్నారు."

నర్సు కదల్లేదు. తలుపు ఇంకా సగమే తెరిచి ఉంది. మేస్త్రీ చెయ్యి దాని మీదే ఉంది. తెరవబోతున్నాడో, మూయబోతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.